గూడు ఏ నెలలో దొరికింది? పసుపుకాళ్ల కందిరీగ ముప్పును లెక్కగట్టడం ఎలా

అందరికీ నమస్కారం. ముందు వరసలో తేనెపెట్టెలు పెట్టుకున్న రైతులు, వెనక వ్యవసాయ కళాశాల విద్యార్థులు, పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న తల్లిదండ్రులు కూర్చున్నారు. ముగ్గురికీ పనికొచ్చేలా చెప్పే ప్రయత్నం చేస్తాను. ప్రశ్నలు చివర్లో అడగండి.

2023 నవంబర్‌లో ఇంగ్లండు ఆగ్నేయ తీరాన, ఈస్ట్ ససెక్స్‌లోని రై అనే ఊళ్లో పసుపుకాళ్ల కందిరీగల గూడు ఒకటి కనిపెట్టి నాశనం చేశారు. కాగితం మీద అది విజయమే. మరుసటి వసంతంలో ఆ దగ్గర్లోనే, ఫోర్ ఓక్స్ అనే చోట మూడు రాణులు పట్టుబడ్డాయి. డీఎన్ఏ పరీక్ష చేస్తే మూడూ ఆ రై గూటి సంతానమేనని తేలింది. అంటే నవంబర్‌లో మనుషులు అక్కడికి చేరేసరికే అవి గూడు వదిలి వెళ్లిపోయాయన్నమాట. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయి అంటామే, అదే జరిగింది.

ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని కందిరీగల్ని చంపారన్నది లెక్క కాదండీ. ఎన్ని గూళ్లు తీశారు, ఏ నెలలో తీశారు, అదీ లెక్క.

ఈ పురుగు శాస్త్రీయ నామం వెస్పా వెలుటినా. మన దేశానికి కొత్తదేమీ కాదు. హిమాలయ ప్రాంతంలో, ఈశాన్య రాష్ట్రాల్లో, అక్కణ్నించి చైనా, ఆగ్నేయాసియా దాకా అది పుట్టి పెరిగిన నేల. అక్కడ దానికి శత్రువులున్నారు, దాన్ని ఎదుర్కోవడం తెలిసిన తేనెటీగలున్నాయి. 2004లో ఫ్రాన్సు నైరుతిలోని లో-ఎ-గారోన్ జిల్లాలో కనిపించింది. చైనా నుంచి వచ్చిన మట్టికుండీల సరుకులో నిద్రాణంగా ఉన్న రాణి ద్వారా దిగి ఉంటుందని అందరూ ఒప్పుకునే మాట. అక్కణ్నించి 2010లో స్పెయిన్, 2011లో పోర్చుగల్, బెల్జియం, 2012లో ఇటలీ, 2014లో జర్మనీ, 2016లో బ్రిటన్. అంతకుముందే 2003లో దక్షిణ కొరియాలోని బూసాన్ చేరింది. 2012లో జపాన్‌కు చెందిన త్సుషిమా ద్వీపం. 2023 ఆగస్టులో అమెరికాలో జార్జియా రాష్ట్రం, సవానా రేవు ప్రాంతం.

ముప్పు అంచనాలో మొదటి మెట్టు ఈ దారే: ఎలా వస్తుంది, మళ్లీ మళ్లీ రాగలదా? ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. ఫ్రాన్సు కందిరీగల జన్యువుల్ని పరిశీలిస్తే యూరప్‌లో కనిపించిన మందంతా ఒకే ఒక్క రాణి నుంచి వచ్చిందని చెప్పదగ్గ ఆధారాలు దొరికాయి. ఆ రాణి వచ్చే ముందే ఒకటికి మించిన మగవాటితో జతకట్టింది. ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని చలికాలమంతా నిద్రపోయింది. ఇంత చిన్న మొదలు నుంచి వచ్చిన మందలో దగ్గరి రక్తం కలిసి, సంతానోత్పత్తికి పనికిరాని మగవి కూడా పుట్టాయి. అయినా వ్యాప్తి ఆగలేదు. అందుకని "ఒకటో రెండో వచ్చాయి, వాటంతటవే అంతరించిపోతాయిలే" అనే మాటను అంచనా పత్రంలో ఎవరూ రాయకూడదు. రాసినవాళ్లకు ఫ్రాన్సే సమాధానం.

రెండో మెట్టు వాతావరణం. మంచు కురిసే చలికాలం దీనికి అడ్డు కాదు, రాణి ఒక్కటే బతికితే చాలు. వ్యాప్తి వేగం మాత్రం నేలను బట్టి మారుతుంది. ఫ్రాన్సులో ఏడాదికి 78 కిలోమీటర్ల చొప్పున ముందుకెళ్లిందని ఒక లెక్క, ఇటలీలోని లిగూరియా తీరంలో 18 కిలోమీటర్లు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు ఉన్నచోట నెమ్మదించింది. ఫ్రాన్సు అంకెలో రాణి సొంత రెక్కల వాటా ఎంతో, లారీలూ కలప దుంగలూ మొక్కల కుండీల వాటా ఎంతో విడదీయడం కష్టం. కానీ నివారణ కోసం ఆలోచించేటప్పుడు ఆ రెండో వాటాయే మన చేతిలో ఉన్నది.

ఇప్పుడు క్యాలెండర్‌కి వద్దాం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా రాణి నిద్రలేస్తుంది, ఒంటరిగా. షెడ్డు లోపల, వరండా కప్పు కింద, పక్షుల పెట్టెలో, వాన తగలని చోట చిన్న గూడు మొదలుపెడుతుంది. నిమ్మకాయంత గూడు, కొన్ని గదులు. గుడ్లు పెట్టేదీ, ఆహారం తెచ్చేదీ, కాపలా కాసేదీ అదే. ఈ దశలో రాణి చస్తే కథ అక్కడితో సరి. మొదటి విడత కూలీ కందిరీగలు పుట్టాక రాణి బయట తిరగడం మానేస్తుంది. జూన్ ప్రాంతానికి, చాలా సందర్భాల్లో, మంద మొత్తం మకాం మార్చి ఎత్తయిన చెట్టు కొమ్మల్లో పెద్ద గూడు కడుతుంది. 10 మీటర్ల పైన, ఆకుల చాటున ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో అది 60 సెంటీమీటర్లు దాటవచ్చు. సీజను మొత్తం మీద ఒక్కో గూడు వేలల్లో కందిరీగల్ని పుట్టిస్తుంది. శరదృతువు మొదలయ్యాక మగవి, వాటి వెనకే కొత్త రాణులు, వందల్లో. సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా అవి బయటికొచ్చి జతకట్టి, బెరడు కింద, మట్టిలో, కట్టెల మోపుల్లో దూరతాయి. పాత రాణి, కూలీలు అన్నీ చలికి చచ్చిపోతాయి. ఆ గూడు మళ్లీ వాడవు.

కాబట్టి జూలైలో తీసిన గూడూ నవంబర్‌లో తీసిన గూడూ నివేదికలో ఒకే వరసలో 'ఒక గూడు' అని పడతాయి కానీ, వాటి విలువ ఒకటి కాదు. జూలైలో తీస్తే మరుసటి ఏడాదికి రావలసిన వందల రాణుల్ని ఆపినట్టు. నవంబర్‌లో తీస్తే చుట్టుపక్కలవాళ్లకు కుట్టే బెడద తగ్గించినట్టు, అంతే. బ్రిటన్‌లో 2023లో 56 చోట్ల 72 గూళ్లు దొరికాయి, 2024లో 24కు తగ్గాయి. పత్రికలు సంబరపడ్డాయి. 2024 వసంతం బాగా తడిగా గడిచింది, ఒంటరి రాణులకు అది గడ్డుకాలం. ఒక్క ఏడాది అంకె చూసి అదుపులోకి వచ్చిందనుకోవడం, మన దగ్గర ఒక్క మంచి వానకు కరువు తీరిందనే అధికారుల లెక్కలాంటిదే.

నష్టం సంగతి. ఎక్కువమంది మొదట అడిగేది "కుడితే చచ్చిపోతామా?" అని. దానికి వస్తాను. కానీ నష్టంలో పెద్ద వాటా తేనెటీగలది. ఈ కందిరీగ పెట్టె ముందు గాలిలో నిలకడగా ఎగురుతూ, ద్వారం వైపు ముఖం తిప్పకుండా వెనక్కి తిరిగి, బయటి నుంచి బరువుతో వచ్చే ఈగను పట్టుకుంటుంది. తలా, పొట్టా, రెక్కలూ కత్తిరించి కండరాలుండే మధ్యభాగం మాత్రం పిల్లలకు తీసుకెళ్తుంది. ఒక గూడు సీజనుకు సగటున 11 కిలోలకు పైగా పురుగుల్ని తింటుందని ఫ్రాన్సులో లెక్కగట్టారు. తినేవాటిలో తేనెటీగలు సుమారు మూడోవంతు పైన, మిగతావి ఈగలు, ఇతర కందిరీగలు. ఊళ్ల మధ్య అయితే తేనెటీగల వాటా ఇంకా పెరుగుతుంది.

అయితే పెట్టె చచ్చేది తినేసిన తేనెటీగల వల్ల కాదు, భయం వల్ల. ద్వారం ముందు నాలుగైదు కందిరీగలు పహరా కాస్తుంటే కూలీ ఈగలు బయటికి రావడం మానేస్తాయి. పుప్పొడి రాదు, మకరందం రాదు, రాణి గుడ్లు తగ్గుతాయి, చలికాలానికి కావలసిన తేనె, ఈగలు రెండూ చాలవు. ఫిబ్రవరిలో పెట్టె తెరిచినవాడు "చలికి పోయింది" అని రాసుకుంటాడు. అసలు చావు సెప్టెంబర్‌లో మొదలైంది. నష్టాల సర్వేల్లో ఇది కలిసిపోయి కనపడకుండా పోయే అవకాశం ఎక్కువ, విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. గూళ్లు తీయించే ఖర్చు ఒక్కటే ఫ్రాన్సుకు ఏడాదికి దాదాపు 1.19 కోట్ల యూరోలు కావచ్చని ఒక అంచనా, అందులో చచ్చిన పెట్టెలు, తగ్గిన పరాగసంపర్కం లెక్కలేదు.

మనుషుల సంగతి: తిండి వెతుక్కుంటూ తిరిగే కందిరీగ మామూలుగా మన జోలికి రాదు. ప్రమాదం గూడు దగ్గర, కదిపినప్పుడు. చెట్టెక్కే కూలీలు, కంచెలు కత్తిరించేవాళ్లు, ముళ్లపొదలు కొట్టేవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు. పెద్ద గూళ్లన్నీ ఎత్తులోనే ఉంటాయనుకోకండి, కొన్ని పొదల్లో మోకాలెత్తున కడతాయి, అన్నిటికన్నా ప్రమాదమైనవి అవే. ఆగస్టు తర్వాత కంచె కత్తిరించే ముందు మిషన్ ఆన్ చేయకుండా పది నిమిషాలు నిలబడి రాకపోకలు చూడాలి. ఒకే దిక్కుగా పురుగులు లోపలికీ బయటికీ తిరుగుతుంటే పని ఆపండి. ఒకవేళ వెంటబడితే తిన్నగా పరుగెత్తి ఇంట్లోకో కారులోకో దూరి తలుపేసుకోవాలి.

ఇప్పుడు గూడు పట్టుకునే పని, ఇదే అసలు కళ. ఫ్రాన్సు తీరానికి దగ్గర్లో ఉన్న జెర్సీ ద్వీపంలో తేనెటీగల పెంపకందార్లు, వలంటీర్లు కలిసి ఈ పద్ధతిని బాగా సాన పెట్టారు. కావలసిన సామాను: మూత ఉన్న చిన్న గాజు జాడీ, గిన్నెలు తుడిచే గుడ్డ, తీపి ఎర, రంగు పెన్ను, గడియారం, దిక్సూచి లేదా ఫోను. మూతకు చీలిక పెట్టి గుడ్డ పీలికను వత్తిలా లోపలికి దింపుతారు. ఎరకు నల్ల బీరు, పండ్ల షర్బత్తు, వైట్ వైన్ సమపాళ్లలో. ఆ వైన్ తేనెటీగల్ని దూరం పెట్టడానికి, దాన్ని మానేస్తే వత్తి మీద కందిరీగల బదులు తేనెటీగలే ముసురుకుంటాయి. ఇందులో పురుగు మునగదు, చావదు. తాగి ఇంటికెళ్తుంది, మనకు కావలసింది అదే.

కందిరీగ వత్తి మీద వాలాక తాగడంలో మునిగిపోతుంది. అప్పుడు వెనక నుంచి నెమ్మదిగా పెన్ను చివరతో దాని వీపు మీద ఒక చుక్క పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో రంగు. తాగడం అయ్యాక అది లేచి జాడీ చుట్టూ ఒకటి రెండు చుట్లు తిరిగి చోటు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఒక దిక్కు పట్టుకుని పోతుంది. చూసేది ఆ చివరి దిక్కు, మొదటి చుట్లు కాదు. లేచిన క్షణం నుంచి అదే రంగు చుక్క తిరిగొచ్చే దాకా సమయం రాయాలి. చేతి లెక్క: ఒక నిమిషానికి 100 మీటర్లు. ఏడు నిమిషాల్లో వస్తే గూడు 700 మీటర్ల ప్రాంతంలో. మొదటి రెండు ప్రయాణాలు ఎప్పుడూ ఎక్కువ సమయం చూపిస్తాయి, వాటిని నమ్మొద్దు. నాలుగైదు తిరుగుళ్లు చూసి అన్నిటికన్నా తక్కువ వచ్చిన సమయం తీసుకోండి. తర్వాత కొన్ని వందల మీటర్ల అవతల రెండో జాడీ, అక్కడా ఇదే పని. మ్యాపు మీద రెండు గీతలు కలిసిన చోట చెట్లు వెతకాలి.

పొరపాట్లు ఎక్కడ? ఒకే జాడీ నుంచి రెండు దిక్కులకు పోతుంటే జనం సగటు దిక్కు గీస్తారు. అది తప్పు, అవి రెండు గూళ్లు. ఎండిన వత్తి రెండోది, గంటకోసారి తడపకపోతే పురుగు మళ్లీ రాదు, మనం దూరం తప్పు లెక్కవేస్తాం. సమయం రెండు మూడు నిమిషాలకు తగ్గాక ఇంకా జాడీ దగ్గరే కూర్చోవడం ఇంకో తప్పు. ఇక దూరదర్శిని తీసుకుని చెట్టు తలల్ని ఆకాశం వెలుగుకు ఎదురుగా చూడాలి, గూడు కంటే ముందు దాని చుట్టూ తిరిగే చుక్కలు కనిపిస్తాయి. దారి కనపడనప్పుడు కందిరీగ ఒంటికి కట్టి వెంటాడే రేడియో ట్యాగులు ఉన్నాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగాల్లో, ట్యాగు బరువు కందిరీగ బరువులో 80 శాతానికి మించకపోతే అది ఎగరగలిగింది. అంటే పెద్ద కూలీల్ని ఏరుకోవాలి, ఎర తాగించి పంపాలి.

గూడు దొరికాక మీరు చేయాల్సింది, ఒక్క మాట: దూరంగా నిలబడి సమాచారం ఇవ్వండి. బ్రిటన్‌లో ఏషియన్ హార్నెట్ వాచ్ అనే యాప్ ఉంది, ఫొటో పెడితే నేషనల్ బీ యూనిట్ మనుషులు వస్తారు. జార్జియాలో రాష్ట్ర వ్యవసాయ శాఖకు చెప్పాలి. సొంతంగా చేసినవాళ్లు చేసే పనులివి: తుపాకీతో కాల్చడం, పొగబెట్టడం, రాత్రి కిరోసిన్, కింద నుంచి నీటి పైపు. కాలిస్తే గూడు చిరుగుతుంది, మంద చెదురుతుంది, రాణి బతికితే పక్కన మళ్లీ కడుతుంది. నిపుణులు మాత్రం కూలీలన్నీ లోపలుండే వేళ, చీకటి పడ్డాకో తెల్లవారుజామునో, పొడవాటి గొట్టంతో పురుగుమందు పొడిని గూటిలోకి పంపుతారు. ఎర్రటి లైటు వాడతారు, ఆ రంగు వాటికి కనపడదు. తేనెటీగల కోసం కుట్టించిన పల్చటి సూటు పనికిరాదు, వీటి ముల్లు దాన్ని దాటుతుంది. గూడు కదిపితే విషాన్ని ముఖం వైపు చిమ్మగలవు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. మందు కొట్టిన గూటిని అక్కడే వదిలేయకూడదు, పక్షులు వచ్చి చచ్చిన పిల్లపురుగుల్ని తింటాయి. పైగా గూటిని విప్పి చూస్తేనే కదా, కొత్త రాణులు వెళ్లిపోయాయా లేదా అన్నది తెలిసేది.

ఉచ్చుల గురించి ఒక మాట, ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. ప్లాస్టిక్ సీసాలో బీరూ చక్కెరా పోసి తోటంతా వేలాడదీసే పద్ధతి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అందులో పడి చచ్చేవాటిలో కందిరీగలు కొద్ది, మిగతావన్నీ ఈగలు, సీతాకోకచిలుకలు, యూరప్ సొంత కందిరీగ వెస్పా క్రాబ్రో. పైగా వసంతంలో రాణులు ఒకదాని గూడు ఒకటి లాక్కుంటాయి, ఆ పోట్లాటల్లో కొన్ని వాటంతటవే పోతాయి. మనం కొన్నిటిని చంపితే మిగతావాటికి పోటీ తగ్గించినట్టవుతుంది. ఉచ్చు పెట్టాల్సివస్తే కిందటేడు గూడు ఉన్న చోటుకు దగ్గర్లో మాత్రమే, చిన్న పురుగులు బయటపడేలా 5.5 మిల్లీమీటర్ల చిల్లులతో, రోజూ తీసి చూస్తూ. ఇక మాంసంలో ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిపి "పట్టుకెళ్లి గూట్లో పంచుకుంటాయి" అనే ఉపాయం, దాన్ని పూర్తిగా మరిచిపోండి. అది తేనెటీగలకూ విషమే, గూడు ఎక్కడుందో మీకు తెలియదు, విషం మాత్రం ప్రకృతిలో మిగిలిపోతుంది.

పెట్టెల్ని కాపాడుకునే పనులు మూడు. ద్వారం ఎత్తు 5.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే తేనెటీగ దూరుతుంది, కందిరీగ దూరదు. ద్వారం ముందు వైరు జాలీ పెట్టె బిగిస్తే కందిరీగ పహరా కొంచెం దూరం జరుగుతుంది, ఈగలు ధైర్యం చేసి బయటికొస్తాయి. ఉద్ధృతి ఎక్కువ ఉన్నచోట ఎలక్ట్రిక్ తీగల చట్రం ఉంది. నిలువు తీగల మధ్య సుమారు 2 సెంటీమీటర్ల ఎడం, తేనెటీగ మధ్యలోంచి పోతుంది, వెడల్పు రెక్కల కందిరీగ రెండు తీగలకూ తగిలి కింద సబ్బునీళ్లలో పడుతుంది. తీగలు వదులైతే అది పనిచేయదు.

గెలిచిన కథ కూడా ఉంది. ఇంకో జాతి, వెస్పా మాండరీనియా, ఆసియా రాక్షస కందిరీగ. 2019లో కెనడాలోని వాంకూవర్ ద్వీపంలో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బ్లెయిన్ దగ్గర దొరికింది. పళ్లు తోమే దారంతో రేడియో ట్యాగు కట్టి వెంటాడి, 2020 అక్టోబర్ 24న బ్లెయిన్‌లో మొదటి గూడు తీశారు. అందులో రాణులు ఇంకా లోపలే ఉన్నాయి, కొద్ది రోజులు ఆలస్యమైతే ఎగిరిపోయేవి. 2021లో మూడు గూళ్లు, ఈసారి ఆగస్టు, సెప్టెంబర్‌లోనే. తర్వాత మూడేళ్లు ఒక్కటీ దొరకలేదు, 2024 డిసెంబర్‌లో నిర్మూలన అయిందని ప్రకటించారు. గూళ్లు తక్కువగా ఉన్నప్పుడే దొరకడం, ఏటేటా తేదీ ముందుకు జరగడం, ఈ రెండూ కలిసొచ్చాయి.

ఇక ఆంధ్ర, తెలంగాణ తేనె రైతులకు. మన పెట్టెల మీద పడేవి వెస్పా ట్రోపికా, వెస్పా ఓరియంటాలిస్. మొదటిది నల్లగా, పొట్ట పైభాగాన వెడల్పు పసుపు పట్టీతో. రెండోది ఎర్రటి గోధుమ రంగు, పొట్ట మధ్యలో పసుపు. రెండూ ఇక్కడి సొంత జాతులు. ట్రోపికా ఎక్కువగా చిన్న కాగితపు కందిరీగల గూళ్లమీద పడి వాటి పిల్లల్ని తింటుంది, తేనెటీగ దానికి రెండో రకం తిండి. వాటిని నిర్మూలించాలని చూడకండి, ద్వారం తగ్గించడం, బలహీనమైన పెట్టెల్ని కలపడం చాలు. మన తొర్ర తేనెటీగ ఏపిస్ సెరానా కందిరీగను బంతిలా చుట్టేసి కండరాల వేడితో 45 డిగ్రీల పైకి తీసుకెళ్లి చంపుతుంది, తాను ఇంకో నాలుగైదు డిగ్రీలు తట్టుకుంటుంది. ఇటాలియన్ తేనెటీగకు ఈ విద్య సరిగ్గా రాదు. మన ఓరియంటాలిస్ మాత్రం 2018లో చిలీలోని శాంటియాగోలో దిగి అక్కడ పరాయి పురుగయింది. ఆక్రమణ అనేది జాతి గుణం కాదు, చోటు మారిన ఫలితం.

ఇక ప్రశ్నలు. అక్కా, మీరు.

(ఒక శ్రోత: మా అబ్బాయి కెంట్‌లో ఉంటాడండి. వాడికి తేనెటీగ కుడితే ముఖమంతా వాస్తుంది. ఏం చెప్పమంటారు?)

ముఖం మీద కుడితే ముఖం వాయడం ఒక సంగతి. చేతి మీద కుడితే పెదవులు, నాలుక, గొంతు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం ఇంకో సంగతి. రెండోదైతే అలర్జీ డాక్టర్‌కు చూపించి అడ్రినలిన్ పెన్ దగ్గర ఉంచుకోవాలి, తొడ బయటివైపు గుచ్చి, పడుకోబెట్టి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టి, 999కి ఫోన్ చేయాలి. ఇక్కడైతే 108. అలర్జీ లేనివాళ్లకు కూడా పదుల్లో కుడితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, విషం మోతాదుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఆ లక్షణం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. మూత్రం తగ్గినా, రంగు మారినా ఆగకూడదు.

(మరో శ్రోత: చలికాలంలో ఆకులు రాలాక ఖాళీ గూడు కనిపిస్తే?)

ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి పంపండి. కర్రతో కొట్టి దింపాల్సిన పని లేదు, అది వానకు తనంతట తానే రాలిపోతుంది. దానితో ఉపయోగం ఏమిటంటే, ఆ గూటి రాణులు ఎక్కువ దూరం పోకుండా ఆ చుట్టుపక్కలే నిద్రపోయి ఉండవచ్చు. మార్చిలో వత్తి జాడీలు ముందు అక్కడే పెట్టాలి, ఏప్రిల్, మేలో ఆ చుట్టూ ఉన్న షెడ్లు, వరండా కప్పులు, పక్షుల పెట్టెలు టార్చి వేసి చూడాలి. నిమ్మకాయంత గూడు దొరికితే, పక్కకు అడుగేసి, ఫొటో తీసి, ముందు యాప్‌లో పెట్టండి.